ప్రధాని వారం పట్టికను ప్రజల ముందు పెట్టండి: ప్రధానమంత్రి కార్యాలయానికి బహిరంగ లేఖ

ప్రధానమంత్రి కార్యాలయ అధికారులకు నమస్కారం.

నేను హనుమకొండలో ఉంటాను. ఒక తెలుగు దినపత్రికలో ముప్పై ఒక్క ఏళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేసి 2019లో రిటైరయ్యాను. అందులో సగానికి పైగా రాత్రి డ్యూటీలే. ఢిల్లీ నుంచి ఇంగ్లిషులో వచ్చే ఏజెన్సీ వార్తలను తెలుగు చేసి, హెడ్డింగు పెట్టి పేజీకి పంపడం నా పని. రేపు ప్రధాని ఎక్కడ ఉంటారు, ఎవరిని కలుస్తారు, ఏ దేశాధినేత వస్తున్నారు అనే నాలుగు లైన్ల కోసం, ఎడిషన్ టైం దాటిపోతోందన్న టెన్షన్‌తో ఎన్నో రాత్రులు కూర్చున్నాను. ఆ నాలుగు లైన్ల గురించే ఈ ఉత్తరం.

నేను అడిగేది ముందే చెప్తాను. ప్రధానమంత్రి రాబోయే వారంలో పాల్గొనే కార్యక్రమాల పట్టికను ప్రతి శనివారం ప్రజల ముందు పెట్టండి. వారం గడిచి కొద్ది రోజులయ్యాక, ఆయన అధికారికంగా ఎవరెవరిని, ఏ విషయం మీద, ఎంతసేపు కలిశారో ఆ వివరాలు కూడా పెట్టండి. రెండూ తెలుగులోనూ ఉండాలి. ఇది ఇప్పుడున్న ప్రధానికి మాత్రమే చెప్తున్న మాట కాదు. రేపు ఏ పార్టీ నుంచి ఎవరొచ్చినా నాది ఇదే విన్నపం.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ఒక ఫోన్ కాల్ దగ్గర మొదలుపెట్టాలి. 2016 ఏప్రిల్ మొదటి వారంలో ప్రధాని సౌదీ అరేబియా వెళ్తున్నారని మా పేపర్లో చిన్న వార్త వేశాం. అది వచ్చిన సాయంత్రమే డెస్కుకు ఫోన్ వచ్చింది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఒక తల్లి. కొడుకు రియాద్‌లో పనికి పోయాడు. ఏడు నెలలుగా జీతం లేదు. అకామా (సౌదీలో ఉండి పనిచేయడానికి ఇచ్చే అనుమతి కార్డు) రెన్యువల్ కాలేదు, గదిలోంచి బయటికి రావాలంటే భయం. "సారూ, మా బిడ్డ పేపర్ల సదివి చెప్పింది. ప్రధానమంత్రి ఆడికి పోతుండట గదా. మన పిలగాండ్ల ముచ్చట మాట్లాడుతడా?" అని అడిగింది.

నాకు తెలియదు. నా ముందున్న ఏజెన్సీ కాపీలో "ద్వైపాక్షిక, ప్రాంతీయ, అంతర్జాతీయ అంశాలు చర్చకు వస్తాయి" అన్న వాక్యం మాత్రమే ఉంది. ఆ వాక్యాన్ని నా ఉద్యోగంలో కొన్ని వందల సార్లు తెలుగు చేసి ఉంటాను. ఆ రోజు ఫోన్ పట్టుకుని నిలబడ్డప్పుడు, అందులో ఒక మనిషికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదని మొదటిసారి తెలిసొచ్చింది. "మాట్లాడతారేమోనమ్మా, చూద్దాం" అన్నాను. ఆమె "సరే బాంచెన్, దేవుడున్నడు" అని పెట్టేసింది.

ఏప్రిల్ 3 రాత్రి రియాద్ నుంచి ఒప్పందాల జాబితా వచ్చింది. అందులో ఒకటి కార్మిక రంగంలో సహకారం గురించి. సాధారణ కార్మికుల నియామకాలకు సంబంధించి రెండు ప్రభుత్వాలు సంతకాలు చేసిన ఒప్పందం. అంటే ఆ తల్లి అడిగిన విషయమే. దాన్ని లోపలి పేజీలో చివరి పేరాలో ఇరికించాను, అంతకన్నా చోటు దొరకలేదు. ఆమె నంబరు నేను రాసిపెట్టుకోలేదు. ఆ ఒప్పందం వల్ల మర్నాడే ఆమె కొడుకు జీతం చేతికి రాదని నాకూ తెలుసు. కానీ "అవునమ్మా, కార్మికుల సంగతి కూడా మాట్లాడుతున్నారు" అని ముందే చెప్పగలిగి ఉంటే, ఆమె ఆ పేపరు ముక్క పట్టుకుని కలెక్టరాఫీసుకో ఎంబసీ హెల్ప్‌లైన్‌కో పోయి గట్టిగా అడిగేది. ఒప్పందం అనేది ఒక్క రోజులో తయారు కాదు. ముసాయిదాలు అటూ ఇటూ ఎన్నోసార్లు తిరుగుతాయి. ప్రధాని విమానం ఎక్కేనాటికే ఆ సంగతి మీ ఫైళ్లలో ఉంది. మా దాకా రాలేదు, అంతే.

ఢిల్లీలో కూర్చుని చూస్తే ప్రధాని విదేశీ పర్యటన అంటే దౌత్యం, వ్యూహం, పెట్టుబడి. మా దగ్గర మాత్రం అది ఇంటి విషయం. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి దుబాయ్, సౌదీ పోయినవాళ్లు, రాయచోటి, రాజంపేట, కోనసీమల నుంచి ఇంటిపని వీసాల మీద కువైట్ పోయిన ఆడవాళ్లు, వాళ్ల పిల్లలను పెంచుతున్న అమ్మమ్మలు, వీళ్లంతా ఆ వార్త వెతుక్కుని చదువుతారు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉంటున్న భవనం తగలబడి 45 మంది భారతీయులు చనిపోయారు. వాళ్లలో ఆంధ్రప్రదేశ్ వాళ్లూ ఉన్నారు. ఆరు నెలలకు, డిసెంబరు 21, 22 తేదీల్లో ప్రధాని కువైట్ వెళ్లారు. 1981లో ఇందిరాగాంధీ వెళ్లిన తర్వాత, 43 ఏళ్లకు ఒక భారత ప్రధాని అక్కడ అడుగుపెట్టారు. కార్మికులు ఉండే క్యాంపుకు కూడా వెళ్లి వాళ్లతో కూర్చుని మాట్లాడారు. మంచి పని. కానీ కువైట్ పెద్దలతో కూర్చున్నప్పుడు కార్మికుల వసతి భద్రత గురించి ఎంతసేపు మాట్లాడారు, ఏ అధికారి ఆ విషయం ఎత్తారు, దాని తర్వాత ఏం చేయాలనుకున్నారు? ఆ ముక్క చదవాలని కాచుకున్న ఇళ్లు మా దగ్గర ఉన్నాయి.

ఖతార్ సంగతి మీకు ఇంకా బాగా తెలుసు. అక్కడ మరణశిక్ష పడిన ఎనిమిది మంది భారత మాజీ నౌకాదళ ఉద్యోగుల్లో ఒక తెలుగువాడు కూడా ఉన్నారు. 2023 డిసెంబరు 1న దుబాయ్‌లో వాతావరణ సదస్సు జరుగుతుండగా ప్రధాని ఖతార్ అమీర్‌ను కలిశారు. ఖతార్‌లో ఉన్న భారతీయుల క్షేమం గురించి మాట్లాడుకున్నారని చెప్పారు. అదే నెల 28న మరణశిక్ష తగ్గింది. 2024 ఫిబ్రవరి 12న వాళ్లు విడుదలైన వార్త వచ్చింది. ఇలాంటి విషయాల్లో ముందే అన్నీ చెప్పేస్తే పని చెడుతుందని నేను ఒప్పుకుంటాను. ఆ భేటీ గురించి మీరు ఆనాడు ఒక్క వాక్యమే చెప్పడం సరైన పని. అయితే గమనించండి, ఆ ఒక్క వాక్యంలోనే "భారతీయుల క్షేమం" అన్న మాట ఉంది కాబట్టి ఎన్నో ఇళ్లలో ఆ రాత్రి కాస్త ధైర్యం వచ్చింది. ఒక భేటీ గురించి ఒక్క లైను సరిగ్గా చెప్పడానికి అంత బలం ఉంటుంది. నేను అడుగుతున్నది అలాంటి లైన్లే.

మీరు ఏమీ చెప్పడం లేదని నేను అనను. సభలు, శంకుస్థాపనలు, విదేశీ పర్యటనల గురించి పత్రికా సమాచార కార్యాలయం ముందుగానే ప్రకటన ఇస్తుంది. ఎవరైనా కలిస్తే ఫొటోతో సహా పెడుతున్నారు. విదేశాంగ శాఖ ప్రతినిధి వారం వారం విలేకరులతో మాట్లాడతారు. 2025 డిసెంబరులో రష్యా అధ్యక్షుడు పుతిన్ వచ్చినప్పుడు దాదాపు గంట గంటకూ ఏం జరుగుతోందో దేశమంతా చూసింది. 4వ తేదీ సాయంత్రం విమానాశ్రయానికి ప్రధాని స్వయంగా వెళ్లారు. ఆ రాత్రి లోక్ కల్యాణ్ మార్గ్‌లోని ప్రధాని నివాసంలో విందు. మర్నాడు రాష్ట్రపతి భవన్ ముంగిట సైనిక వందనం, రాజ్‌ఘాట్‌లో పుష్పగుచ్ఛం, హైదరాబాద్ హౌస్‌లో చర్చలు, తర్వాత వ్యాపారవేత్తల సమావేశం, రాత్రి రాష్ట్రపతి విందు. ఒక అతిథి వస్తే మన దేశం ఏ వరుసలో ఏం చేస్తుందో పిల్లలకు పాఠంలా చెప్పొచ్చు.

హైదరాబాద్ హౌస్ పేరు వచ్చినప్పుడల్లా నా చెయ్యి ఒక్క క్షణం ఆగేది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఢిల్లీలో తన కోసం కట్టించుకున్న ఇల్లు అది. న్యూఢిల్లీకి రూపమిచ్చిన బ్రిటిష్ ఆర్కిటెక్ట్ లుట్యెన్స్ గీసిన ప్లాను, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టుండే ఆకారం. ఇక్కడి రైతు కట్టిన శిస్తు ఆ గోడల్లో ఉంది. నేడు అమెరికా అధ్యక్షుడొచ్చినా, జపాన్ ప్రధాని వచ్చినా మన ప్రధాని మాట్లాడేది అక్కడే. ఆ గదుల్లో ఏ విషయాలు ఎత్తారన్నది కనీసం ఒక లైనులో తెలుసుకోవాలని ఇక్కడివాళ్లు ఆశపడటం ఎక్కువ కాదనుకుంటాను.

ఇప్పుడు మేం నిజంగా ఇబ్బంది పడే చోటు చెప్తాను. మా రెండు రాష్ట్రాల్లో ఏ ముఖ్యమంత్రి ఢిల్లీ వెళ్లినా మొదటి వార్త ఒకటే: ప్రధాని అపాయింట్‌మెంట్ దొరికిందా, లేదా. 2014లో రాష్ట్రం విడిపోయినప్పటి నుంచి ఇది మరీ ఎక్కువైంది. పోలవరం నిధులు, విభజన చట్టంలోని హామీలు, ఉమ్మడి ఆస్తుల పంపకం, కృష్ణా జలాలు, ఇలా ప్రతి ఒక్కటీ ఆ గదిలోకి వెళ్లే వినతిపత్రంలో ఉంటుంది. భేటీ అయిపోయాక డెస్కులో మాకు అసలు పని మొదలవుతుంది. ముఖ్యమంత్రి పార్టీ వాళ్లు గంట సేపు మాట్లాడారంటారు. ప్రతిపక్షం వాళ్లు పది నిమిషాలు కూడా కాలేదంటారు. ఒకరు పదహారు అంశాలు ఇచ్చామంటారు, ఇంకొకరు సొంత కేసుల గురించి మాట్లాడుకున్నారంటారు. ఢిల్లీ ప్రకటనలో చూస్తే ఒకే వాక్యం ఉంటుంది: ఫలానా ముఖ్యమంత్రి ప్రధానిని కలిశారు. కింద ఫొటో, శాలువా, బొకే. దాన్ని మేం "మర్యాదపూర్వకంగా కలిశారు" అని రాస్తాం.

ఆ "మర్యాదపూర్వకంగా" అన్న మాట రాయడానికి నా మనసు ఎప్పుడూ ఒప్పుకునేది కాదు. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి విమానం ఎక్కి వెళ్లి దేశ ప్రధానిని కలిస్తే, అందులో మర్యాద ఒక్కటే ఎలా ఉంటుంది? పారిశ్రామికవేత్త కలిసినా అదే మాట, మఠాధిపతి కలిసినా అదే మాట, క్రీడాకారిణి పతకంతో వచ్చినా అదే మాట. వీటన్నిటికీ తేడా లేదా? నిజం తెలియని చోట పుకారు వచ్చి కూర్చుంటుంది. మర్నాడు ఏ పేపరు ఏ పార్టీకి దగ్గరో ఆ కథే అచ్చవుతుంది. నేను పనిచేసిన పేపరు కూడా ఇందుకు మినహాయింపు కాదు. పాఠకుడు మూడు పేపర్లు చదివి మూడు రకాల సంగతులు నమ్మాల్సి వస్తుంది. మీ దగ్గర ఉన్న రిజిస్టరులోంచి ఒక్క లైను బయటికొస్తే, అంటే ఎన్ని గంటలకు వచ్చారు, ఎన్ని నిమిషాలు ఉన్నారు, వినతిపత్రంలో ఏయే విషయాలున్నాయి అన్నది తెలిస్తే, ఈ గొడవ సగం అక్కడే సద్దుమణుగుతుంది. ముఖ్యమంత్రులకు కూడా అదే మంచిది. నిజంగా పని మీద వెళ్లినవాళ్లు ఎవరో, ఫొటో కోసం వెళ్లినవాళ్లు ఎవరో జనానికి తెలుస్తుంది.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. జపాన్‌లో ప్రధాని నిన్న ఎన్నింటికి ఇంటి నుంచి బయల్దేరారు, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఏ అధికారిని కలిశారు, రాత్రి ఏ హోటల్లో ఎవరితో భోంచేశారు అన్నది పెద్ద పేపర్లన్నీ ప్రతి రోజూ ఒక కాలమ్‌గా అచ్చువేస్తాయి. దాని కోసమే విలేకరులు ప్రధానిని నీడలా అంటిపెట్టుకుని తిరుగుతారు. జర్మనీలో ప్రతి శుక్రవారం ప్రభుత్వ ప్రతినిధి వచ్చి, వచ్చే వారం ఛాన్సలర్ (అక్కడి ప్రభుత్వాధినేత) ఎక్కడెక్కడ ఉంటారో విలేకరులకు చెప్తారు. ఫ్రాన్స్ అధ్యక్షుడి కార్యాలయం వారం పట్టికను బయటపెడుతుంది. కెనడా ప్రధాని కార్యాలయం రోజువారీ కార్యక్రమాలు ఇస్తుంది. చెప్పకూడని భేటీలుంటే "ప్రైవేటు సమావేశాలు" అని రాసి వదిలేస్తుంది. చెప్పనిదాన్ని చెప్పలేదని రాయడం కూడా ఒక నిజాయితీ కదా. బ్రిటన్‌లో మంత్రులు బయటి సంస్థల వాళ్లను ఎవరిని, ఏ పని మీద కలిశారో మూడు నెలలకోసారి వెల్లడిస్తారు.

డబ్బున్న దేశాలకే చెల్లిందని ఎవరైనా అంటారేమో. బ్రెజిల్ 2013లో చట్టం చేసి, పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు తమ రోజువారీ అజెండాను ప్రజల ముందు పెట్టాలంది. చిలీ 2014లో చట్టం తెచ్చి, మంత్రులు, ఉన్నతాధికారులు తమను పనుల కోసం కలిసినవాళ్ల పేర్లు, చేసిన ప్రయాణాలు, అందుకున్న కానుకలు రాసి చూపించాలంది. అమెరికాను చూస్తే మనం నేర్చుకోవలసింది ఇంకొకటి. వైట్‌హౌస్‌కు ఎవరెవరు వచ్చారో ఒబామా హయాంలో 2009 నుంచి బయటపెట్టడం మొదలైంది. 2017లో తర్వాతి ప్రభుత్వం ఆపేసింది. 2021లో మళ్లీ మొదలైంది. అది ఒక అధ్యక్షుడి ఇష్టం మీద నడిచింది కాబట్టే ఇంకో అధ్యక్షుడి ఇష్టంతో ఆగిపోయింది. అందుకే మీరు చేస్తే నియమంగా రాసి చేయండి.

అమెరికా మాట వచ్చింది కాబట్టి నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం కూడా చెప్పనివ్వండి. 1971 నవంబరు 4న, బంగ్లాదేశ్ యుద్ధానికి నెల ముందు, ఇందిరాగాంధీ వాషింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ను కలిశారు. ఆ రోజు ఆమె ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు లోపలికి వెళ్లారో, ఎప్పుడు బయటికొచ్చారో, గదిలో ఇంకా ఎవరున్నారో ఎవరైనా తెలుసుకోవచ్చు. మన దగ్గర కాదు, వాళ్ల దగ్గర. నిక్సన్ రోజువారీ డైరీ వాళ్ల ఆర్కైవ్స్‌లో ఉంది. ఆ పర్యటన నాటి వైట్‌హౌస్ టేపులు కూడా బయటికొచ్చాయి. మన ప్రధాని జీవితంలో అంత ముఖ్యమైన రోజును మనం పరాయి దేశపు డైరీలో వెతుక్కుంటున్నాం.

మా ఉమ్మడి వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పీవీ నరసింహారావు గారి సంగతి తీసుకోండి. 1991 జూన్ 21న ఆయన ప్రధాని అయ్యారు. జులై 1న, 3న రూపాయి విలువ తగ్గించారు. 24న బడ్జెట్ వచ్చింది. దేశం దారి మారిన ఆ ముప్పై నాలుగు రోజుల్లో ఆయన ఎవరెవరిని పిలిపించుకున్నారు? ఏ ఆర్థికవేత్తతో ఎంతసేపు కూర్చున్నారు? వద్దని చెప్పడానికి వచ్చినవాళ్లెవరు? మేం తెలుసుకోవాలంటే ఆయనతో పనిచేసినవాళ్లు తర్వాత రాసుకున్న జ్ఞాపకాలే దిక్కు. ఒకరు రాసింది ఒకలా ఉంటుంది, ఇంకొకరిది ఇంకోలా. 1993 సెప్టెంబరు 7న చైనాతో సరిహద్దు శాంతి ఒప్పందం, 1994 మే 18న అమెరికా కాంగ్రెస్‌లో ప్రసంగం, ఈ తేదీలు అందరికీ తెలుసు. వాటికి ముందు వారాల్లో ఆయన గది తలుపు తీసుకుని లోపలికి వెళ్లినవాళ్ల పేర్లు మా పిల్లలకు తెలియవు. ఒక తెలుగువాడు ఐదేళ్లు దేశాన్ని నడిపిన తీరును ఆయన సొంత జిల్లాలో చరిత్ర చదివే కుర్రాడు రోజులవారీగా చూడగలగాలని నా ఆశ.

శ్రీకృష్ణదేవరాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికి పట్టించుకుని, మట్టి గుండ్లు ఎత్తి, కత్తి తిప్పి, కుస్తీ పట్టి, గుర్రమెక్కి తిరిగొచ్చేవాడని, స్నానం, పూజ అయ్యాక రాజ్యపు పెద్దలను కలుసుకునేవాడని మనకెలా తెలుసు? డొమింగో పేస్ అనే పోర్చుగీసువాడు విజయనగరానికి వచ్చి చూసి రాసిపెట్టాడు కాబట్టి. ఐదు వందల ఏళ్ల కింద దానికి బయటివాడు కావలసి వచ్చింది. మనకు రాసుకునే తీరిక, పద్ధతి, మనుషులు అన్నీ ఉన్నాయి.

స్వతంత్ర భారతంలో కూడా ఈ అలవాటు బొత్తిగా లేదని కాదు. నెహ్రూ 1947 అక్టోబరు నుంచి ముఖ్యమంత్రులకు పదిహేను రోజులకోసారి ఉత్తరాలు రాసేవారు. ఏ దేశంతో ఏం నడుస్తోంది, తానేం అనుకుంటున్నాడు, అన్నీ అందులో ఉండేవి. ప్రధాని పనిని రాష్ట్రాలతో పంచుకోవాలన్న ఆలోచన మీ కార్యాలయం పుట్టిన ఏడాదే ఉంది. నేను దాన్ని ముఖ్యమంత్రుల దగ్గర ఆపకుండా జనం దాకా తెమ్మంటున్నాను.

భద్రత గురించి మీరు అడుగుతారు. అడగాలి కూడా. 1984 అక్టోబరు 31 ఉదయం ఇందిరాగాంధీ ఇంటి తోటలో నడిచి వెళ్తున్నది ఒక విదేశీ టీవీ బృందానికి ఇచ్చిన అపాయింట్‌మెంట్ కోసమే. 1991 మే 21న రాజీవ్‌గాంధీ విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని, విమానంలో లోపం వల్ల ఆలస్యమై, అయినా సరే మద్రాసు వెళ్లి అక్కడి నుంచి శ్రీపెరుంబుదూరు చేరుకున్నారు. ఆ రాత్రి పేజీలు ఆపి మొత్తం తిరగరాసినవాళ్లలో నేనొకణ్ని. నా చేతులు వణకడం నాకింకా గుర్తుంది. జపాన్‌లో కూడా మాజీ ప్రధాని షింజో అబేను 2022 జులై 8న నారాలో ఎన్నికల ప్రచారంలో ఉండగా కాల్చి చంపారు. కాబట్టి ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ప్రాణం కన్నా పట్టిక ఎక్కువ కాదు.

అందుకే నా కోరికను రెండు ముక్కలు చేశాను. ముందుగా ఇచ్చే పట్టికలో దారులు, కచ్చితమైన సమయాలు, బస చేసే చోట్లు అక్కర్లేదు. మీరు ఎలాగూ ప్రకటించే సభలు, విదేశీ అతిథుల రాక, పార్లమెంటు పని, కేబినెట్ సమావేశం, పర్యటించే ఊళ్లు, వీటినే రోజుల వారీగా ఒక్కచోట చేర్చి ఇవ్వండి చాలు. నిమిషాలు, పేర్లు, విషయాలు ఉండే రెండో పట్టిక జరిగిపోయిన దాని గురించే. పదిహేను రోజుల కిందట ప్రధాని ఒక ఉక్కు కంపెనీ అధిపతితో నలభై నిమిషాలు మాట్లాడారని నేడు చెప్తే ఎవరి ప్రాణానికీ ముప్పు రాదు. నిఘా సంస్థలు, సైన్యం, ఇంకా తెగని దౌత్య చర్చలు, ఆరోగ్యం, కుటుంబం, ఇవి చెప్పొద్దు. చెప్పని చోట "వెల్లడించలేదు" అని రాసి ఖాళీ గడి ఉంచండి. సొంత కష్టం చెప్పుకోవడానికి వచ్చిన మామూలు మనుషుల పేర్లు కూడా వద్దు. వాళ్ల గోడు వాళ్లది.

మా ఊళ్లలో ముఖ్యమంత్రి పర్యటన ఉంటే కలెక్టరాఫీసులో "మినిట్ టు మినిట్" అని కాగితం తయారవుతుంది. హెలిప్యాడ్ నుంచి వేదిక దాకా, వేదిక నుంచి భోజనం దాకా అందులో ఉంటుంది. తహసీల్దారు నుంచి కానిస్టేబులు దాకా అందరి జేబుల్లో ఆ కాగితం మడత పెట్టి ఉంటుంది. అంత పెద్ద యంత్రాంగం వారానికోసారి ఒక పేజీ తయారు చేయలేదంటే నేను నమ్మను.

చట్టం కూడా మీకు దారి చూపిస్తూనే ఉంది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్, ఎవరూ అడగకముందే ప్రభుత్వ కార్యాలయాలు తమ సమాచారాన్ని వీలైనంత బయటపెట్టాలని, దరఖాస్తు పెట్టుకునే అవసరమే జనానికి తగ్గించాలని చెప్తుంది. అదే సెక్షన్ సమాచారం ఇచ్చేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోవాలని కూడా అంటుంది. దాచుకోవలసిన వాటికి ఎనిమిదో సెక్షన్ ఎలాగూ ఉంది. దేశ భద్రత, విదేశాలతో సంబంధాలు, ఒకరి ప్రాణానికి అపాయం, అన్నీ అందులో వస్తాయి. కొత్త చట్టం కోసం ఎదురుచూడకుండానే మీరు మొదలుపెట్టవచ్చు.

భాష గురించి కాస్త ఎక్కువ చెప్తాను, అది నా వృత్తి కాబట్టి. "స్టేట్ విజిట్" (ఒక దేశాధినేత పూర్తి లాంఛనాలతో వచ్చే పర్యటన) అన్నదాన్ని కొత్తగా చేరిన ఒక కుర్రాడు "రాష్ట్ర పర్యటన" అని రాస్తే, అది పేజీలో అలాగే వెళ్లిపోయింది. ఒక దేశాధ్యక్షుడు మన రాష్ట్రానికి వస్తున్నాడనుకుని జనం ఫోన్లు చేశారు. కుర్రాడి తప్పని నేను అనుకోలేదు. స్టేట్ విజిట్‌కు, అఫీషియల్ విజిట్‌కు, వర్కింగ్ విజిట్‌కు మర్యాదల్లో తేడా ఉంది. తెలుగులో మాత్రం మేం మూడింటినీ "అధికారిక పర్యటన" అని ఒకే గాటన కట్టేస్తున్నాం. ఎందుకంటే ఢిల్లీ నుంచి ఎవరూ ఈ మాటలకు తెలుగు స్థిరం చేసి ఇవ్వలేదు. మీ నుంచి వచ్చే తెలుగు ప్రకటనల్లో ఒక్కో వాక్యం ఐదు లైన్లుంటుంది, క్రియాపదం కోసం చివరి దాకా వెతకాలి. పట్టికలో అలా వద్దు. "మంగళవారం: కువైట్ విదేశాంగ మంత్రి వస్తారు. మన కార్మికుల జీతాలు, వసతి, చమురు కొనుగోలు గురించి మాట్లాడతారు" అని రాస్తే చాలు. బడికెళ్లే పిల్ల చదివి అమ్మమ్మకు చెప్పగలదు. జగిత్యాలలో ఆ రోజు ఒక కూతురు పేపరు చదివి తల్లికి చెప్పింది కదా, అలాగే.

పాత పట్టికలను చెరపకండి. ప్రభుత్వం మారినా అవి అక్కడే, అదే చోట ఉండాలి. ఏ సంవత్సరం, ఏ వారం అని వెతికితే దొరకాలి.

ఈ ఉత్తరం ముగించే ముందు నా వంతు కూడా చెప్పాలి. నాకు అరవై ఏడేళ్లు. కళ్లు బాగానే ఉన్నాయి. మీరు మొదలుపెడితే మొదటి ఆరు నెలలు తెలుగు పట్టిక రాసే పని నాకివ్వండి, పైసా తీసుకోకుండా చేస్తాను. శనివారం రాత్రి ఎంత ఆలస్యంగా పంపినా ఆదివారం తెల్లారేసరికి తిప్పి పంపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సబ్ ఎడిటర్
హనుమకొండ